ఏడంతస్తుల ముక్కలు, మూడు సెకన్ల చేప

ఈ భూమ్మీద మా అమ్మమ్మ ఎక్కినంత ఎత్తు ఇంకెవరూ ఎక్కలేదు. ఎవరెస్టు ఎక్కినవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లు ఒకసారి ఎక్కి, జెండా పాతి, ఫొటో దిగి, ఇక జన్మంతా దాని గురించే చెప్పుకుంటారు. మా అమ్మమ్మ మూడు వేల ఎనిమిది వందల సార్లు ఎక్కింది. తాడు కట్టుకోలేదు, ఆక్సిజన్ డబ్బా మోయలేదు. చెప్పులు ఓ పక్కన విడిచి, స్టూలు మీద కూర్చుని ఎక్కింది.

కోతలు కోస్తున్నాననుకుంటారేమో, లెక్క చూపిస్తాను. మా అమ్మమ్మ లిఫ్టు నడిపేది. కింది నుంచి ఏడో అంతస్తుకు ఇరవై ఎనిమిది మీటర్లు. రోజుకు నూటయాభై సార్లు పైకి వెళ్లేది. అంటే రెండు రోజులు, మూడో రోజు పొద్దున ఓ పదహారు ట్రిప్పులు వేసేసరికి ఒక ఎవరెస్టు పూర్తి. అలా ఇరవై ఏడేళ్లు. ఈ లెక్కంతా పాడైపోయిన జిరాక్సు కాగితం వెనక నేనే వేశాను. తొమ్మిదో తరగతిలో లెక్కల పరీక్ష నన్ను తప్పించింది, అప్పట్నుంచీ చదువూ నేనూ మర్యాదగా విడిపోయి ఎవరి బతుకు వాళ్లం బతుకుతున్నాం. అయినా ఈ లెక్క మాత్రం మూడుసార్లు సరిచూశాను. అన్ని ట్రిప్పులూ ఏడో అంతస్తు దాకా వెళ్లాయా అని అడిగేవాళ్లుంటారు. వెళ్లలేదు. మా అమ్మమ్మ కాబట్టి వెళ్లినట్టే వేశాను.

ఆ మేడ మెట్ల కిందే నా జిరాక్సు కొట్టు. ఎదురుగా లిఫ్టు. అందుకని అమ్మమ్మ రోజుకు నూటయాభై సార్లు పైకి పోవడమూ, నూటయాభై సార్లు తిరిగి రావడమూ కళ్లారా చూసినదాన్ని నేనొక్కదాన్నే. రెండో అంతస్తులో ఇన్సూరెన్సు ఆఫీసు, మూడులో ప్లీడర్లు, నాలుగులో పళ్ల డాక్టరు, ఆరులో ట్యూషన్లు, ఏడులో ఒక చిన్న లైబ్రరీ. మిగతా అంతస్తుల్లో అద్దెకొచ్చేవాళ్లు మారుతూ ఉండేవాళ్లు, వాళ్ల బోర్డులు గుర్తుపెట్టుకునే ఓపిక నాకు లేదు.

లిఫ్టు మేడ కట్టిన నాటిది. బటన్లు లేవు. ఇత్తడి హ్యాండిల్ ఒకటి. కుడికి తిప్పితే పైకి, ఎడమకు తిప్పితే కిందికి, మధ్యలో పెడితే ఆగుతుంది. ఆ ఆపడంలోనే ఉంది విద్యంతా. లిఫ్టు నేల, అంతస్తు గచ్చు సరిగ్గా కలవాలి. అరంగుళం తేడా వస్తే దిగేవాళ్లు తట్టుకుని బోర్లా పడతారు. అమ్మమ్మ ఆపితే గచ్చు మీద గోలీ పెట్టి లిఫ్టులోకి దొర్లించవచ్చు. నేను దొర్లించి చూశాను కూడా. తర్వాత మడతల గేటు సందులో పడిన ఆ గోలీ తీయడానికి మెకానిక్ రావలసి వచ్చింది. ఆ మెకానిక్ మా తాతయ్యే కాబట్టి బతికిపోయాను.

అమ్మమ్మను ఆ లిఫ్టులో పెట్టింది కూడా తాతయ్యే. అప్పటిదాకా ఆమె అదే మేడ మెట్లు ఊడ్చేది. పాత లిఫ్టు మనిషి పని మానేస్తే, తాతయ్య ఆమెకు హ్యాండిల్ తిప్పడం నేర్పి స్టూలు మీద కూర్చోబెట్టాడు. మొదటి వారం ఆమెకు ఊపిరాడలేదట. "పావురాల గూట్లో పెట్టి తలుపేసినట్టుందయ్యా. నాకు మెట్లే నయం," అందట. తాతయ్య గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "పళ్ల డాక్టరు దగ్గర గాజుతొట్లో ఎర్రచేపలున్నాయి చూశావా? చేపకు మూడు సెకన్లే గుర్తుంటుందంట. తొట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి పోయేలోపు ముందుది మర్చిపోతుంది. దానికి ఎప్పుడూ కొత్త చోటే. నువ్వూ ఒక్కో అంతస్తు ఎక్కినప్పుడల్లా కిందది మర్చిపో," అన్నాడట.

ఈ చేప సంగతి గుర్తుంచుకోండి. దీంతో పనుంది.

మరుసటి వారం ఒకావిడ పన్ను పీకించుకోవడానికి వచ్చింది. నాలుగో అంతస్తు. లిఫ్టు అంటే భయం, పన్ను అంటే ఇంకా భయం. గేటు కమ్మీలు పట్టుకుని వణుకుతోంది. ఆమెను మరిపించడానికి అమ్మమ్మ ఆ ఉదయం పాత పేపరు ముక్కలో చదివిన సంగతి చెప్పింది. "వెనకటి కాలంలో ఫ్రాన్సులో జంతువుల మీద కూడా కేసులు వేసేవాళ్లంటండీ. ఎలుకల తరఫున ఒక ప్లీడరు నిలబడ్డాడంట. కోర్టుకు ఎలుకలు రాలేదేమని జడ్జి అడిగితే, దారి పొడుగునా పిల్లులున్నాయి, నా క్లయింట్ల ప్రాణాలకు ఎవరు హామీ అన్నాడంట."

ఆవిడ పక్కున నవ్వింది. నవ్వు ఆగేసరికి నాలుగో అంతస్తు వచ్చింది. మూడో అంతస్తులో దిగాల్సిన ప్లీడరు మాత్రం దిగడం మరిచిపోయి, "ఆ వాదన బాగుందే!" అనుకుంటూ నాలుగు దాకా వచ్చేశాడు.

అమ్మమ్మకు దారి దొరికింది. ఆ రోజు నుంచి లిఫ్టు ఎక్కినవాళ్లకల్లా ఒక ముక్క చెప్పడం మొదలుపెట్టింది. సంగతి, కథ లాంటి మాటలు వాడదు. ముక్క అంటుంది. ముక్కలకు కొలత అంతస్తులు. అంతస్తుకు ఏడు సెకన్లు. నిమ్మరసం రాసుకుంటే కెమెరాకు కనపడనని నమ్మి మొహం నిండా పులుముకుని బ్యాంకు దోచి దొరికిపోయిన అమెరికా దొంగ రెండంతస్తుల ముక్క. అలారం గడియారాలు అందరికీ లేని రోజుల్లో ఇంగ్లండులో పొడుగాటి గొట్టంతో ఎండు బఠాణీలు కిటికీ మీదికి ఊది కూలీలను నిద్రలేపే మనుషులు మూడంతస్తులు. పారిస్‌లో పేరున్న ఒక బొమ్మను దొంగలెత్తుకుపోతే, అది వేలాడిన ఖాళీ గోడను చూడటానికి జనం వరస కట్టిన ముక్క నాలుగు. ముప్పావు గంట కూడా జరగని యుద్ధం ఉంది, అదీ నాలుగే. "మన మేడ సంఘం సెక్రటరీగారి భోజనం అంతకన్నా ఎక్కువసేపు సాగుతుంది," అని కలిపేది.

ముక్క పూర్తవడమూ గేటు తెరుచుకోవడమూ ఒక్కసారే జరగాలి. దానికి ఆమెకు రెండే నియమాలు. కాగితం మీద కళ్లతో చూడనిది చెప్పకూడదు. ముందు దిగేవాళ్లకు సరిపోయే ముక్కతోనే మొదలుపెట్టాలి, ఎవరినీ సగంలో దింపకూడదు.

ఒక్క ముక్క మాత్రం ఇరవై ఏడేళ్లలో లిఫ్టులో ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఇంట్లో చెప్పింది. అమెరికాలో ఒక ఎత్తయిన మేడను పొగమంచులో విమానం గుద్దుకుంది. అక్కడ లిఫ్టు నడిపే ఆడమనిషికి గాయాలయ్యాయి. ఆమెను కిందికి దించుదామని ఇంకో లిఫ్టులో ఎక్కిస్తే దాని తాళ్లు తెగి డెబ్బై అయిదు అంతస్తులు పడిపోయింది. అయినా బతికింది. "మరి ఇంత మంచి ముక్క ఎందుకు చెప్పవే?" అంటే, "బతికింది అనే మాట చివర్లో వస్తుంది కదే. అప్పటిదాకా జనం ఊపిరి బిగబట్టి నా లిఫ్టులోనే పోతారు," అంది.

ఇక గొడవ సంగతి. ఇన్సూరెన్సు ఆఫీసుకు కొత్త మేనేజరు వచ్చాడు. అందరూ పాలసీ సారు అనేవాళ్లు. మనిషి ఇస్త్రీ చొక్కాలా ఉంటాడు, ఎక్కడా మడత కనపడదు. ఒకరోజు పొద్దున చేతిలో లైబ్రరీ పుస్తకంతో లిఫ్టెక్కాడు. పుస్తకం చూసి అమ్మమ్మ ఏడో అంతస్తు మనిషి అనుకుంది. ఏ అంతస్తని అడగకుండా ఏడంతస్తుల ముక్క ఎత్తుకుంది.

"ఒక దేశం సైన్యం మెషిన్ గన్నులు పట్టుకుని పక్షుల మీద యుద్ధానికి పోయిందండీ. పక్షులే గెలిచాయి. అదెలాగంటే..."

"రెండు! రెండో అంతస్తు! దాటిపోతోంది, ఆపు!"

ఆమె ఆపింది. జన్మలో మొదటిసారి లిఫ్టు అరంగుళం పైన ఆగింది. పాలసీ సారు తట్టుకోవడంతో పుస్తకం ఒక పక్కకు, కళ్లజోడు ఒక పక్కకు పడ్డాయి. మనిషి పడలేదు గాని మర్యాద పడింది. "ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నావమ్మా? సైన్యం పక్షుల చేతిలో ఓడిందా? ఇలాంటి వాగుడు వింటూ మా కస్టమర్లు పైకి రావాలా?" అన్నాడు.

"ఇంకా అయిదంతస్తులు మిగిలి ఉందండీ," అంది అమ్మమ్మ.

"నువ్వే ఉంచుకో!"

మధ్యాహ్నానికల్లా మేడ సంఘం సెక్రటరీ బల్ల మీద ఫిర్యాదు ఉంది, లిఫ్టులో అబద్ధాల ప్రచారం జరుగుతోందని. సెక్రటరీ చెడ్డవాడు కాదు. ప్రతి సమస్యకూ ఒక నోటీసు అంటించి నిద్రపోయే రకం. అమ్మమ్మను పిలిచాడు. పిలవకపోయినా నేనూ వెళ్లాను.

"ఏమమ్మా, ఆ పక్షుల మాట నిజమేనా?"

"నిజమే బాబూ. కాగితంలో చూశాను."

"ఏ కాగితం?"

"పళ్ల డాక్టరు దగ్గర పాత వారపత్రికలుంటాయి కదా, అందులో. ఏళ్లయింది."

"అది చూపించు. శనివారం మీటింగు. చూపించావా, సరే. చూపించలేకపోతే లిఫ్టులో నోరెత్తకూడదు. ప్రయాణికులతో మాట్లాడరాదని నోటీసు అంటిస్తాను. ఆయనైతే నిన్నే మార్చెయ్యమంటున్నాడు."

"మార్చండి బాబూ. స్టూలు పోతే ఇంకో స్టూలు దొరుకుతుంది. అబద్ధాలకోరు అనిపించుకుని మాత్రం దిగను."

బయటికొచ్చాక నేను, "నోరు మూసుకుని లిఫ్టు తిప్పితే పోదా? స్టూలు ఉంటుంది కదా," అన్నాను.

"నువ్వు మూసుకుంటావా ఒక్క పూట?"



గురువారం పొద్దున్నే ఇద్దరం పళ్ల డాక్టరు దగ్గరికి పోయాం. పేషెంట్లు ఇంకా రాలేదు. పాత పత్రికలన్నీ ఎప్పుడో తూకానికి వేసేశారట. నర్సమ్మ బల్ల కింద, బీరువా వెనక వెతికింది. దొరికింది ఒకటే, అదీ జుట్టు రాలడం గురించి. అమ్మమ్మ దిగులుగా గాజుతొట్టి పక్కన కూర్చుంది. ఎర్రచేపలు నాలుగు తమ మానాన తాము తిరుగుతున్నాయి. నర్సమ్మ అరలోంచి నీలం మూత డబ్బా తీసింది. ఇంకా మూత తెరవనే లేదు. నాలుగు చేపలూ గిరుక్కున తిరిగి ఆమె ఉన్న మూలకు పరిగెత్తి నోళ్లు తెరిచాయి.

అమ్మమ్మ లేచి నిలబడింది.

"ఏమ్మా, రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతే అమ్మమ్మగారూ. డబ్బా చూస్తే చాలు, ఆకలిగొన్న పెళ్లివారిలా ఎగబడతాయి."

"డబ్బా దాచెయ్ ఒకసారి. ఆ తెల్లది చూపించు."

నర్సమ్మ దూది డబ్బా చూపించింది. చేపలు పట్టించుకోలేదు. నీలం డబ్బా మళ్లీ తీసింది. పరిగెత్తుకొచ్చాయి. అమ్మమ్మ ఆ రోజు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి లిఫ్టును నాలుగో అంతస్తులో నిలబెట్టి, లోపలున్నవాళ్లను ఒక్క నిమిషం అని బతిమాలి, ఆ పరీక్ష చేసి వచ్చింది. దూది డబ్బా, నీలం డబ్బా. దూది డబ్బా, నీలం డబ్బా. చేపలు ఒక్కసారీ తడబడలేదు. వాటి జ్ఞాపకశక్తిలో సగం నాకు లెక్కల్లో ఉండి ఉంటే ఈపాటికి నేనే మేనేజర్ని.

సాయంత్రం కొట్టు మూస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. నేను కట్టిన కాగితాల కట్టను విప్పి మళ్లీ కట్టింది.

"ఏమైందే?"

"చేపకు గుర్తుంటుందే."

"ఉంటే ఉండనీ. దానికీ మనకూ అప్పులున్నాయా?"

"ఇరవై ఏళ్లకు పైగా చెప్పానే ఆ ముక్క. పన్ను పీకించుకోబోయే ప్రతి మనిషికీ చెప్పాను. నాలుగంతస్తుల ముక్కల్లో నాకు అదే ఇష్టం. చేపకు గుర్తుండదండీ, నొప్పి కూడా అంతే, కిందికి దిగేసరికి మర్చిపోతారు అని. ట్యూషన్ పిల్లలకు చెప్పాను. వాళ్లు ఇంకెంతమందికి చెప్పారో."

"ఏ కాగితంలో చదివావు?"

ఆమె లిఫ్టు గేటుకేసి తిరిగింది. "చదవలేదు. మీ తాతయ్య చెప్పాడు."

మా తాతయ్య చేతిలో పుస్తకం ఉండగా చూసినవాళ్లు లేరు. స్పానరు ఉండగా అందరూ చూశారు. ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు.

"పోనీలేవే. నిన్ను అడిగింది పక్షుల సంగతి. చేప సంగతి ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వే ఎందుకు బయటపడటం? పైగా తాతయ్య మాట."

"ఆయన మాట కాబట్టే కాగితం అడగలేదు. ఇంకెవరైనా చెప్పి ఉంటే ఏదీ చూపించు అనేదాన్ని."

శుక్రవారం ఏడో అంతస్తుకు పోయాం. అక్కడి లైబ్రరీ ఆయనను నిశ్శబ్దంగారు అంటారు. రోజుకు ఆయన మాట్లాడే మాట అదొక్కటే. అమ్మమ్మకూ ఆయనకూ ఇన్నేళ్ల పరిచయం. ఆవిడ మాట్లాడేది, ఆయన వేలు పెదవి మీద పెట్టుకునేవాడు. అంతటి స్నేహం నేను ఇంకెక్కడా చూడలేదు. అమ్మమ్మ సంగతంతా చెప్పింది. ఆయన ఎప్పటిలా వేలు పెదవి మీదికి తీసుకెళ్లి, సగంలో ఆపి, దించేశాడు. నిచ్చెన వేసుకుని పై అరల్లోంచి లావుపాటి పుస్తకాలు దించడం మొదలుపెట్టాడు. సాయంత్రం అయిదింటికి తుమ్ముకుంటూ, ఒళ్లంతా దుమ్ముతో కిందికి నా కొట్టుకే వచ్చాడు. వేలు ఒక పేజీలో పెట్టి ఉంచాడు.

"ఆస్ట్రేలియా. పందొమ్మిది వందల ముప్పై రెండు. నాలుగు కాపీలు," అన్నాడు. నేను ఆయన నోట విన్న అతి పెద్ద ఉపన్యాసం అదే.

పేజీ ఇంగ్లీషులో ఉంది. నాకు ఆ అక్షరాలొచ్చు, అమ్మమ్మకు అవీ రావు. అయినా బొమ్మలో ఆ పొడుగుమెడ పక్షిని చూసి, "ఇదే! ఇదే మొహం!" అని కాగితాన్ని పసిపిల్లలా నిమిరింది.

శనివారం మీటింగుకు మేడలోని ఆఫీసులవాళ్లంతా వచ్చారు. మామూలుగా నీళ్ల ట్యాంకు సంగతికి ముగ్గురొస్తారు. పక్షుల యుద్ధానికి కుర్చీలు చాలలేదు. అప్పట్లో ఎలుకల ముక్క విని దిగడం మరిచిన ప్లీడరుగారు ఎవరూ పిలవకుండానే అమ్మమ్మ తరఫున లేచి, కాగితం అందుకుని చదివి, తెలుగులో చెప్పాడు. గోధుమ చేలను వేల కొద్దీ ఈమూ పక్షులు నాశనం చేస్తుంటే రైతులు సర్కారుకు మొరపెట్టుకున్నారు. సైనికులు రెండు మెషిన్ గన్నులు, పది వేల తూటాలు తీసుకుని వచ్చారు. కాల్చబోతే పక్షులు గుంపులు గుంపులుగా విడిపోయి తలా ఒక దిక్కుకు పారిపోయేవి. తూటాలు అయిపోయాయి గాని పక్షులు అయిపోలేదు. సైన్యం వెనక్కి పోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. పాలసీ సారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని పేజీ చూశాడు. "ప్రింటులో ఉంటే సరే," అన్నాడు. 

అక్కడితో అయిపోయింది. సెక్రటరీ టీ తెమ్మన్నాడు. నేను అమ్మమ్మ మోచెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగాను. ఆమె కూర్చోలేదు.

"ఇంకోటుంది బాబూ. చేపకు మూడు సెకన్లే గుర్తుంటుందని మీ అందరికీ చెప్పాను. అది తప్పు. దానికి గుర్తుంటుంది. నా కళ్లతో చూశాను, నాలుగో అంతస్తులో ఎవరైనా చూడొచ్చు. ఆ ముక్క నేను కాగితంలో చూడకుండానే చెప్పాను."

 పాలసీ సారు లేచాడు. "చూశారా? నేనేం చెప్పాను? ఇదొక్కటే తప్పని ఏమిటి నమ్మకం? తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇన్నాళ్లూ అందర్నీ నమ్మించిందా లేదా?"

"నమ్మించానండీ," అంది అమ్మమ్మ. "నాలుగో కాలు ఇప్పుడు నేనే చూపిస్తున్నాను."

సెక్రటరీ ఇరుకున పడ్డాడు. ఇలాంటిదానికి ఆయన దగ్గర నోటీసు లేదు. "ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?" అని ఆమెనే అడిగాడు.

"చెప్పినవాళ్లందరికీ తప్పని చెప్పేదాకా ఇంకో ముక్క మొదలుపెట్టను. ఈలోపు స్టూలు తీసేస్తానంటే తీసెయ్యండి. అప్పుడు గేటు బయట నిలబడి చెబుతాను."

స్టూలు తీయలేదు. గేటు బయట నిలబడితే ఇంకా ఎక్కువమందికి వినపడుతుందని ప్లీడరుగారు సెక్రటరీకి నచ్చజెప్పాడని తర్వాత తెలిసింది.

ఆ సోమవారం నుంచి మా లిఫ్టంత విసుగు లిఫ్టు లోకంలో లేదు. ఎవరు ఎక్కినా ఒకటే మాట. "చేప సంగతి నేను చెప్పింది తప్పండీ. దానికి గుర్తుంటుంది." ఒకటో అంతస్తుకైనా అదే, ఏడుకైనా అదే, మిగిలినంతసేపూ ఫ్యాను చప్పుడు. ట్యూషన్ పిల్లలు ఎలుకల ప్లీడరు ముక్క చెప్పమని గోల చేశారు. చెప్పలేదు. వాళ్ల చేత మాత్రం ఇంటికెళ్లి ఇంకెవరికి చెప్పారో వాళ్లకూ తప్పని చెబుతామని ఒప్పించుకుంది. ఏడాదికోసారి పళ్లు చూపించుకునేవాళ్ల కోసం ఎదురు చూసింది. నర్సమ్మ దగ్గర పాత పేషెంట్ల చిరునామాలు అడిగి నా చేత కార్డులు రాయించింది. "అయ్యా, చేప గురించి" అని మొదలుపెట్టి అరవై మూడు కార్డులు రాశాను. పోస్టుమాన్ నన్నదోలా చూడటం మొదలుపెట్టాడు.

అందులో అమ్మమ్మను బాగా బాధపెట్టింది ఏమిటంటే, సగం మందికి ఆమె ఆ ముక్క చెప్పినట్టే గుర్తులేదు. "ఏ చేప? ఎప్పుడు చెప్పావ్?" అనేవాళ్లు.

"పాపం చేపను అన్నాం," అన్నాను నేను. "మూడు సెకన్ల జాతి ఇదన్నమాట."

నవ్వలేదు. మర్నాడు నేను లేననుకుని నర్సమ్మకు అదే మాట తన మాటగా చెప్పి నవ్వింది.

మొట్టమొదట ఎలుకల ముక్క విని వణుకు ఆపుకున్న ఆవిడ కూడా వచ్చింది.  ఆ తర్వాత వచ్చినప్పుడు ఆమెకు చేప ముక్కా చెప్పిందట. ఇప్పుడు జుట్టంతా నెరిసింది, కొత్త కట్టుడు పళ్లు సరిచేయించుకోవడానికి వచ్చింది. అమ్మమ్మ తప్పని చెబితే ఆవిడ కొత్త పళ్లన్నీ బయటపెట్టి, "నాకు అప్పుడే తెలుసమ్మా. ఆ నొప్పి నాకింకా గుర్తుంది కదా! నువ్వు చెప్పిన తీరు బాగుంటే నమ్మినట్టు తలూపాను," అంది. ఆమె దిగాక అమ్మమ్మ గేటు వేయడం మర్చిపోయింది.

అయిదో నెలలో ఒక సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ పాలసీ సారు లిఫ్టెక్కాడు. కిందికి కాదు, పైకి.

"ఏడు," అన్నాడు.

"చేప సంగతి..." అని మొదలుపెట్టింది అమ్మమ్మ.

"నాకు నువ్వు చేప సంగతి చెప్పనేలేదు. నాది రెండో అంతస్తు, అది నాలుగంతస్తులదట కదా. నా దగ్గర నువ్వు వెనక్కి తీసుకోవాల్సిందేమీ లేదు." ఆయన గోడకేసి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "నాకు ఇవ్వాల్సింది ఉంది. ఆ రోజు ఇంకా అయిదంతస్తులు మిగిలి ఉందన్నావు."

"పేజీలో చదివారు కదండీ."

"చదివింది వేరు. నువ్వు ఎలా చెప్పేదానివో అది కావాలి."

అమ్మమ్మ హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఆగింది. నేను నా కొట్టులోంచే అరిచాను, "సగంలో ఆగిన ముక్కే కదే! ఇంకోటి మొదలుపెట్టడం కాదుగా, మాట తప్పినట్టు కాదు!" ఆమె ఒక్క క్షణం నాకేసి చూసి, గేటు లాగింది. లిఫ్టు పైకి పోతుంటే గొంతు అంతస్తు అంతస్తుకూ సన్నబడుతూ వినపడింది. మూడు దగ్గర మెషిన్ గన్నులు. అయిదు దగ్గర పక్షులు చెల్లాచెదురు. ఏడు దగ్గర గేటు తెరుచుకున్న చప్పుడూ, పాలసీ సారు నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ నవ్వుకు లైబ్రరీలోంచి "నిశ్శబ్దం!" అని కేక వినపడింది.

చెప్పాల్సినవాళ్లందరికీ చెప్పడం అయ్యాక ఆమె మళ్లీ ముక్కలు మొదలుపెట్టింది. పాలసీ సారు బదిలీ అయ్యేదాకా వారానికోసారి పని లేకపోయినా ఏడో అంతస్తుకు పోయి వచ్చేవాడు.

ఇప్పుడు ఆ మేడలో బటన్ల లిఫ్టు ఉంది. ఆడగొంతు ఒకటి అంతస్తు నంబరు తప్ప ఇంకేమీ చెప్పదు. అమ్మమ్మ పొద్దున్నుంచీ నా కొట్టులోనే, అదే స్టూలు మీద కూర్చుని, జిరాక్సుకొచ్చినవాళ్లకు ముక్కలు చెబుతుంది. ఇక్కడ కొలత పేజీలు. పది పేజీల పనైతే మంచి దొంగతనం ముక్క ఒకటి దొరుకుతుంది.

ఇదంతా రాసి, మొదటి నుంచీ ఆమెకు చదివి వినిపించాను. ఎవరెస్టు దగ్గర నాకే ఒళ్లు పొంగింది. మూడు వేల ఎనిమిది వందల సార్లు అన్నప్పుడు ఆగి, ఆమె మొహం చూశాను.

"ఎక్కిన ప్రతిసారీ దిగాను కదే. అది ఎవరు తీసేస్తారు? కలిపితే సున్నా. కొట్టెయ్. లేకపోతే దీన్ని చదివినవాళ్లందరికీ తప్పని కార్డులు నువ్వే రాసుకో, నేను మాత్రం స్టూలు దిగను."